పొరుగు చేను చెప్పు పాఠము

క్రొత్త విత్తనము వేయవలెనా, వద్దా అని రైతు ఒంటరిగా నిర్ణయించుకొనునని మనము అనుకొందుము. నిజమునకు ఆ నిర్ణయములో బంధువులకును, గట్టు ప్రక్క రైతులకును, రచ్చబండ వద్ద కూర్చుండువారికిని పాలు గలదు. మనిషి తన సమూహమును చూచి నడచుకొనునని సమాజశాస్త్రము చెప్పును.

దీనికి అమెరికాలోని అయోవా రాష్ట్రమున మంచి నిదర్శనము గలదు. అచట 1928లో సంకర మొక్కజొన్న విత్తనము వచ్చినది. పాత రకముకంటె దిగుబడి సుమారు 20 శాతము అధికము. బెట్టను కూడ బాగుగా తట్టుకొన్నది. కాని విత్తనమును ఏటేట కొనవలెను. బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అను పరిశోధకులు రెండు గ్రామములలోని 259 మంది రైతుల అనుభవమును పరిశీలించి, 1943లో ఫలితములను ప్రకటించిరి. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరును ఆ విత్తనము వాడిరి. అంతటి మేలైన విత్తనమునకును పదేండ్లకు పైగా పట్టినది!

విత్తనము సంగతి చాలమందికి మొదట తెలిపినవారు అమ్మకందార్లు; తరువాత వారిని నమ్మించినవారు పొరుగు రైతులు. తొలుత వేసినవారును కొద్దిపాటి నేలలో వేసి, పంట చూచి, క్రమముగా పెంచిరి.

కనుక గ్రామాధికారులు ప్రదర్శన క్షేత్రమును నలుగురు నడచు దారి ప్రక్కన, పదిమంది సలహా అడుగు రైతు పొలములో పెట్టించుట మేలు.

రైతులకును ఒక హెచ్చరిక. పొరుగువాని పంట చూచి నేర్చుకొనుడు. అతడు పురుగుమందు చల్లినాడని మాత్రము మీరును చల్లకుడు. మీ చేనిలో ఆకు త్రిప్పి, పురుగు ఎంత ఉన్నదో చూచిన పిమ్మటనే మందు మాట.