ఆకుకు పదునే ప్రాణం

* కల్లం నుంచి చాట దాకా తునికాకుకు తడి లెక్క
* తప్పితే నష్టపోయేది బీడీ కార్మికురాలే

కరీంనగర్/ఆదిలాబాద్: రైతు నేల పదును చూసి నాగలి కడతాడు. బీడీలు చుట్టే మహిళ ఆకు పదును చూసి కత్తెర పడుతుంది. ఆకు ఎండితే ఈనెల వెంట చిట్లుతుంది. తడి మించితే మచ్చలు తేలి బూజు పడుతుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇళ్ల వద్దనే బీడీలు చుట్టి కుటుంబాలను పోషించుకుంటున్న మహిళల కూలి ఈ కొద్దిపాటి తడిపైనే ఆధారపడి ఉంది. ఆ పదును లెక్క వారి ఇంట్లో కాక, అడవి అంచున ఉన్న కల్లంలోనే మొదలవుతుంది.

కల్లంలో తొలి దశ

గోదావరి, ప్రాణహిత పరీవాహక అడవుల్లో తునికి చెట్లు విస్తారంగా పెరుగుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదల కొమ్మలు నరికిస్తారు. సుమారు 45 రోజులకు కొత్త ఆకు చేతికి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గిరిజనులు, గ్రామీణ పేదలు తెల్లవారకముందే అడవికి వెళ్లి ఆకు తెంపుతారు. 50 ఆకులను ఒక కట్టగా కట్టి కల్లంలో అప్పగిస్తారు. వెయ్యి కట్టలు, అనగా 50 వేల ఆకులు ఒక ప్రామాణిక సంచి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో చేసిన చట్టంతో ఈ ఆకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది.

కట్టలను కల్లంలో వరుసలుగా పరచి, తిరగవేస్తూ సుమారు వారం రోజులు ఎండబెడతారు. ఈ సమయంలో అకాల వర్షం పడితే ఆకు నల్లబడి ధర కోల్పోతుంది. పూర్తిగా ఎండిన ఆకును అలాగే సంచుల్లో కుక్కితే పొడి పొడి అవుతుంది. అందువల్ల సంచులు నింపే ముందు కట్టలపై నీరు చిలకరించి, ఆకు మెత్తబడిన తర్వాతనే నింపుతారు. నీరు ఎక్కువైతే గోదాములో సంచి లోపలి ఆకు వేడెక్కి పాడవుతుంది. కల్లేదారు అనుభవం తేలేది ఇక్కడే.

ఇంట్లో పదును ఇలా

గోదాము నుంచి కార్ఖానాకు, అక్కడి నుంచి కమీషన్‌దారు ద్వారా కార్మికురాలి ఇంటికి ఆకు చేరేసరికి మళ్లీ ఎండిపోతుంది. కట్టలను నీటిలో తడిపి, నీరు ఓడ్చి, గోనె సంచిలోనో పాత బట్టలోనో చుట్టి రాత్రంతా ఉంచుతారు. పై ఆకులు పీల్చిన తడి లోపలి ఆకులకు సమంగా వ్యాపించడానికి ఈ వ్యవధి అవసరం. ఉదయం ఆకును వేలికి చుట్టి చూస్తారు. చిట్లకుండా వంగి, చేతికి నీరు అంటకుండా ఉంటే పదును కుదిరినట్లే.

అనంతరం రేకు అచ్చును ఆకుపై ఉంచి, లావు ఈనెలను తప్పిస్తూ కత్తిరిస్తారు. కత్తిరించిన ముక్కలనూ తడి బట్టలోనే ఉంచి, కావలసినన్ని మాత్రమే చాటలోకి తీసుకుంటారు. తంబాకు నింపి, చుట్టి, కొసలు మడిచి దారం కడతారు. తడి ఉన్నప్పుడు వంగిన ఆకు ఆరిన తర్వాతా అదే ఆకారంలో నిలుస్తుంది. చుట్టిన బీడీలను కార్ఖానాలో వేడికి ఆరబెట్టడంతో మిగిలిన తడి పోతుంది.

కాలాన్ని బట్టి మార్పు

ఒకే కొలత ఏడాదంతా పనికిరాదు. ఉత్తర తెలంగాణలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు ఆకు గంటల్లోనే బిరుసెక్కుతుంది. బట్టపై తరచూ నీరు చల్లవలసి వస్తుంది. వానాకాలంలో గాలిలోనే తేమ ఉన్నందున తక్కువ నీరు సరిపోతుంది. తడిపిన ఆకును రెండో రోజుకు మిగల్చకపోవడం అప్పుడు శ్రేయస్కరం.

ఈ సూత్రం బీడీకే పరిమితం కాదు. క్యూబా వంటి దేశాల చుట్టలను భద్రపరచే చెక్క పెట్టెల విషయంలోనూ ఇదే పాటిస్తారు. కొత్త పెట్టెలో చుట్టలు నేరుగా పెడితే ఎండు చెక్క వాటిలోని తడిని లాగేస్తుంది. అందుకే ముందుగా పెట్టెలో శుద్ధమైన నీటి పాత్రను కొన్ని రోజులు ఉంచి మూత వేస్తారు. లోపలి తేమ 70 శాతం దరిదాపుల్లో నిలకడగా నిలిచాకనే చుట్టలు పెడతారు. పొడి గోనె సంచిలో తడి ఆకును చుట్టినా ఇలాగే జరుగుతుంది. ముందు గోనెను తడిపి, పిండి, ఆ తర్వాత ఆకు చుట్టడం మేలు.

నష్టం ఎవరిది?

వెయ్యి బీడీలకు ఇంత అని ఆకును తూచి ఇస్తారు. అందులో పాత ఆకు, చిల్లుల ఆకు ఉంటే ఎంత పదును పెట్టినా లెక్కకు సరిపోదు. తక్కువపడిన ఆకును కార్మికురాలు సొంత డబ్బుతో కొనుక్కోవలసి వస్తుంది. చిట్లిన బీడీలను తీసివేస్తే ఆ మేరకు కూలి పోతుంది.

1966లో చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి వద్ద పనిచేసేవారినీ కార్మికులుగా గుర్తించింది. ముడిసరుకు జారీ, బీడీల తిరస్కరణపై తలెత్తే తగాదాలను పరిష్కరించే మార్గమూ అందులో పొందుపరిచారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి అమల్లోకి వచ్చింది. చట్టం ఏదైనా, ఆకు తీసుకునేటప్పుడే కట్ట విప్పి చూడటం, తూకం సరిచూసుకోవడం, లోపాన్ని అక్కడికక్కడే చెప్పి పుస్తకంలో రాయించుకోవడం కార్మికురాలికి రక్షణ. ఇంటికి తెచ్చి తడిపిన తర్వాత ఆ ఆకు ముందు ఎలా ఉందో నిరూపించడం కష్టం.

ఆరోగ్యం విషయంలోనూ జాగ్రత్త అవసరం. తంబాకు ధూళి శ్వాసలోకి వెళుతుంది, నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. గాలి ఆడే చోట కూర్చోవడం, ముక్కుకు బట్ట కట్టుకోవడం, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, చంటిపిల్లలను చాటకు దూరంగా ఉంచడం తప్పనిసరి. ఆకు నానబెట్టిన పాత్రలను వంటకు వాడకూడదు.