గాజుతొట్టిలోని చేపకు ఆపద

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలు మెట్టభూములు. వేసవిలో అచ్చటి చెరువులనేకము అడుగంటును. నీరు తగ్గి వేడెక్కినప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట పల్లెవారు ఎరిగినదే. ఇంటి గాజుతొట్టియు నొక చిన్న చెరువే. అందలి పెద్ద చేపకును ఇట్టి ఆపదయే కలుగును.

చేప మొప్పలద్వారా నీటిలో కరగియున్న ప్రాణవాయువును గ్రహించును. 20 డిగ్రీల సెల్సియస్ వేడిగల మంచినీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీలవద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే కరగును. వేడి పెరిగిన కొలది చేపకు ప్రాణవాయువు ఎక్కువగా కావలసియుండగా, నీటిలో నది తగ్గిపోవును. పెద్ద చేపకు అవసరము మరింత హెచ్చు. దాని విసర్జనమువలనను, మిగిలిన మేత కుళ్లుటవలనను పుట్టు అమోనియా మొప్పలకు హాని చేయును. ఇట్టి వేళ విద్యుత్తు పోయి గాలిపంపు నిలిచినచో, కొలది గంటలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును.

ఆపదను గుర్తించుటెట్లు? బంగారుచేప విడువక నీటిపైననే యుండి నోరు తెరచి మూయుచు, మొప్పలను వడివడిగా ఆడించుచున్నచో దానికి ఊపిరి చాలుట లేదని తెలిసికొనవలెను. కొర్రమీను సంగతి వేరు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడిన ఈ మీనమునకు బయటి గాలిని పీల్చు అవయవము కలదు. అది అప్పుడప్పుడు పైకి వచ్చుట సహజము, రానీయకున్నచో చచ్చును.

ఆపద కనబడగానే మేత వేయుట మానవలెను. తొట్టిపై ఎండ పడకుండ తెర కట్టవలెను. తొట్టినీటినే చెంబుతో ముంచి, జానెడెత్తునుండి ధారగా మరల పోయుచుండవలెను. ఆ ధారతో గాలి నీటిలో కలియును. పిదప నాలుగవ వంతు నీటిని తీసి, అంతే వేడిగల కొత్తనీటిని మెల్లగా నింపవలెను. నల్లానీటిలోని క్లోరిన్ మొప్పలకు చెరుపు. కావున వెడల్పు పాత్రలో ఒక దినము నిలిచిన నీరు ఎల్లప్పుడు సిద్ధముగా నుండవలెను. బోరునీటిలో ప్రాణవాయువు తక్కువగుటచేత దానిని పలుమారులు ఎత్తునుండి పోసిన పిమ్మటనే వాడవలెను.

తొందరపాటుతో నీరంతయు ఒక్కసారి మార్చుటయు, మంచుగడ్డలు వేయుటయు తగదు. నీటి గుణము, వేడి హఠాత్తుగా మారుటచే, అలసిన చేప తట్టుకొనలేదు. చేప ఎగిరి నేలపై పడినచో చేతులు తడుపుకొని, రెండు చేతులతో ఆనించి యెత్తి నీట విడువవలెను. పొడిచేతులు తగిలిన దాని మేనిపైనున్న జిగురుపొర ఊడును. రోగక్రిములనుండి చేపను కాపాడు కవచమదియే.

చేపకు బాధ చెప్పుకొను నోరు లేదు. అది యుండు నీరే దాని స్థితిని తెలుపును. కనుక ఆపదలో మొదటి చికిత్స నీటికి, తరువాతనే చేపకు.