ఉత్సర్గాపవాదములు - లోకవ్యవహారము

మనుష్యుని ప్రవర్తనమునకు విధి ప్రమాణమా, యుక్తి ప్రమాణమా యను విచారము చిరకాలమునుండి యున్నది. విధియే చాలునన్నచో, విధికర్త యూహింపని సందర్భము తటస్థించినపుడు దారి తోచదు. యుక్తియే చాలునన్నచో, ఎవరి యుక్తి వారికే యనుకూలముగ బలుకును. ఈ వివాదమునకు వైయాకరణులు చూపిన మార్గము శబ్దములకే పరిమితమైనది కాదు. హైదరాబాదు తూర్పుభాగమున నిటీవల జరిగిన వృత్తాంతము లిందుకు నిదర్శనములు.

మొదట శాస్త్రమార్గము. ఇకారాదుల కచ్చు పరమగునపుడు యణాదేశము వచ్చునని పాణిని సామాన్యముగ విధించెను. దధి, అత్ర యనునవి కలిసి దధ్యత్ర యగును. సవర్ణాచ్చు పరమైనచో దీర్ఘము వచ్చునని విశేషముగ విధించెను. కవి, ఈశ్వర శబ్దములు కలిసి కవీశ్వర యగును. ఈ రెండవ తావునను యణాదేశమునకు బ్రసక్తి యున్నది గదా, దీర్ఘమే యేల కావలయును? అసవర్ణాచ్చు పరమైన తావులన్నియు యణాదేశమునకు మిగిలియే యున్నవి. ఇకారాదుల విషయమున దీర్ఘమునకు మాత్రము వేఱొక తావు లేదు. ఇచటను దానిని ద్రోసివేసినచో నావిధి నిరవకాశమై వ్యర్థమగును. కావున నపవాదము బలవత్తరము. విధుల బలాబలములను నిర్ణయించినది యుక్తియే. కాని యాయుక్తి విధులను సార్థకము చేయుటకు బుట్టినది, వానిని గూల్చుటకు గాదు.

ఇక లోకమార్గము. అమీర్‌పేటనుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగ ఎల్.బి.నగర్ వఱకు మెట్రోరైలు 2018 సెప్టెంబరు 24వ తేదీన బ్రారంభమయ్యెను. ప్రతి స్టేషనునను రైలాగవలె ననునది యుత్సర్గము. దానిని నమ్మియే ప్రయాణికులు రైలెక్కుచున్నారు. 2021 ఫిబ్రవరి 2వ తేదీన ఎల్.బి.నగర్‌లోని కామినేని వైద్యశాలయందు దానము చేయబడిన హృదయమును జూబ్లీహిల్స్‌కు జేర్చుటకై, నాగోలునుండి నడుమ నెచటను నాపక ప్రత్యేకరైలును నడిపిరి. మరల 2025 జనవరి 17వ తేదీ రాత్రి, ఆవైద్యశాలనుండియే వేఱొక హృదయమును లక్డీకాపూల్‌లోని గ్లెనీగల్స్ గ్లోబల్ వైద్యశాలకు, దిల్‌సుఖ్‌నగర్ మార్గమున, 13 స్టేషనులు గల 13 కిలోమీటర్ల దూరమును 13 నిమిషములలో దాటించిరి. దేహమునుండి వేఱుచేసిన హృదయము సుమారు 4 గంటలే పనికివచ్చును. ఆగుటయను విధికి దక్కిన రైళ్లన్నిటియందును నవకాశమున్నది. ఆగకుండుటకు నాప్రయాణమొక్కటే యవకాశము. కవీశ్వర శబ్దమునందలి న్యాయమే యిచటను బ్రవర్తించినది.

ఇంతమాత్రమున ద్వరయే ధర్మమని తలంపరాదు. ఆహృదయము రైలెక్కుటకు బూర్వము 1994 నాటి యవయవమార్పిడి చట్టము నిదానమును విధించుచున్నది. మెదడు వ్యాపారము తిరుగరాని విధమున నశించెనని నలుగురు వైద్యులుగల మండలి ధ్రువపఱుపవలెను. కనీసము 6 గంటల వ్యవధితో రెండుమాఱులు పరీక్షింపవలెను. బంధువుల సమ్మతి కావలెను. గ్రహీతపై జాలిచే నీగడువును దగ్గింతుమన్నచో దాతకు రక్షణ తొలగిపోవును. ఒకచో నాలస్యమును, వేఱొకచో ద్వరను విధించుట విరుద్ధముగ దోచును గాని, ప్రాణరక్షణమను ప్రయోజనము రెంటికి నొక్కటియే.

ఇట బూర్వపక్షము: అవసరమువలన విధి సడలునేని, దిల్‌సుఖ్‌నగర్ రహదారిపై బ్రతివాడును దనకును ద్వర గలదని యెఱ్ఱదీపమును దాటవచ్చును గదా? అది సరికాదు. అపవాదమునకు నిమిత్తము నియతమై యుండవలెను. దానిని దనలాభమునకై తానే కల్పించుకొనరాదు. మోటారువాహన చట్టమునకు 2019లో జేసిన సవరణ యత్యవసర వాహనమునకు దారి యీయనివానికి 10,000 రూపాయల జుల్మానానో, 6 మాసముల వఱకు గారాగారమునో, రెండునో విధించినది. దారి యాంబులెన్సునకే కాని దాని వెనుక జొచ్చుకొని పోవువానికి గాదు. వానికి నిమిత్తము లేదు, కావున నుత్సర్గమే వర్తించును.

కావున విద్యార్థులకు విధిని బోధించునపుడు దాని ప్రయోజనమును, అపవాదమును బోధించునపుడు దాని నిమిత్తమును గూడ దెలుపవలెను. ప్రయోజన మెఱుగనివాడు రైలును బ్రతిచోట నాపి ప్రాణమును గోల్పుచ్చును. నిమిత్త మెఱుగనివాడు రైలు నెచటను నాపక జనులను వంచించును.