ఎం.ఎస్.తో దినచర్య: వేడినీళ్ల స్నానం నేర్పిన పాఠం

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అని తేలిన మూడు నెలలకు, ఒక ఆదివారం వేడినీళ్లతో తలంటు పోసుకున్నాను. బయటికి వచ్చేసరికి ఎడమకన్ను మసకబారింది. జబ్బు తిరగబెట్టిందని ఏడ్చేశాను. ఫ్యాను కింద అరగంట కూర్చున్నాక చూపు మామూలైంది.

మర్నాడు డాక్టరుగారు కారణం చెప్పారు. మెదడులో, వెన్నుపాములో నరాలపై మైలిన్ అనే పొర ఉంటుంది, కరెంటు తీగకు తొడుగులాగా. ఎం.ఎస్.లో శరీర రక్షణ వ్యవస్థే పొరబాటున ఆ పొరను దెబ్బతీస్తుంది. ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య, మగవారికన్నా ఆడవారిలో ఎక్కువగా బయటపడే ఈ జబ్బు అంటువ్యాధి కాదు. పొర దెబ్బతిన్న నరంలో, ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతాలు సరిగా సాగవు. ఒళ్లు చల్లబడితే సర్దుకుంటుంది. కొత్తగా నష్టం జరిగినట్టు కాదు. జర్మన్ కంటి వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే దీన్ని వర్ణించారు.

అయితే జ్వరం, వేడి లేకుండానే కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉంటే వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ఈ తేడా తెలిశాక నాకు సగం భయం పోయింది. మిగతా సగం అలవాట్లతో తగ్గింది.

వేడి: గోరువెచ్చని నీళ్లతోనే స్నానం. ఎండాకాలం వంట ఎనిమిదిలోపు ముగిస్తాను. బయటికి వెళితే తడిగుడ్డ, చల్లని మజ్జిగ వెంట ఉంటాయి.

వ్యాయామం: ఎం.ఎస్. ఉన్నవారు కదలకూడదని ఒకప్పుడు అనేవారు. ఇప్పుడు వ్యాయామం మేలని వైద్యులే చెబుతున్నారు. పొద్దున్నే చల్లటి వేళ ఇరవై నిమిషాలు నడుస్తాను, మధ్యలో కూర్చుంటాను. తూలు రాకుండా ఫిజియోథెరపిస్టు నేర్పిన కసరత్తులు గోడ పక్కనే చేస్తాను.

ఆహారం: ఈ జబ్బును నయం చేసే ప్రత్యేక పథ్యం ఏదీ లేదు. ఆకుకూరలు, పప్పులు, రాగులు, పండ్లు, చేపలు సరిపోతాయి. పీచు ఉన్న తిండి మలబద్ధకాన్ని తగ్గిస్తుంది. మాటిమాటికీ బాత్‌రూముకు వెళ్లాలని నీళ్లు మానేయకండి; మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరంతో పాత లక్షణాలన్నీ పైకి లేస్తాయి. విటమిన్ డి పరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదే వేసుకోవాలి.

పొగ: సిగరెట్ ఈ జబ్బును వేగంగా ముదరబెడుతుంది. మావారు నా కోసం మానేశారు.

మందులు: బాగానే ఉన్నాను కదా అని సొంతంగా ఆపకూడదు. బాగా ఉండటానికి కారణం ఆ మందులే కావచ్చు.

అన్నిటికన్నా కష్టం అలసట. అది పైకి కనిపించదు. "పొద్దుటి నుంచి ఏం చేశావని ఇంత నీరసం?" అని మా అత్తయ్యగారు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఒకరోజు ఆవిణ్ణి కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారి మాట విన్నాక ఆవిడ మరి అడగలేదు. మన ఒంటి శక్తి కూడా ఖాతాలో సొమ్ము లాంటిదే, ఖాళీ అయ్యేదాకా వాడకూడదు. అందుకే అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే పదినిమిషాలు కూర్చుంటాను.

బ్రాంచిలో ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగం పోతుందన్న భయంతో. అది నా అజ్ఞానం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఎం.ఎస్. ఒకటి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని ఆ చట్టమే చెబుతోంది. చెప్పాక మా మేనేజరుగారు నా సీటును ఏసీ దగ్గరికి మార్పించారు. అంత చిన్న మార్పుతో నా మధ్యాహ్నాలు నాకు తిరిగొచ్చాయి.

మీ ఇంట్లోనో, మీ పక్క సీట్లోనో ఎవరైనా "అలిసిపోయాను" అంటే, ముందు నమ్మండి. కారణం తరువాత అడగవచ్చు.