పెట్టెలో మూగవోయిన శషసలు

నాదానికి మన సంప్రదాయంలో ఉన్న స్థానం పాఠక మహాశయులకు వేరుగా చెప్పనవసరం లేదు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం రికార్డుగా వెలువడిన తరువాత, ఆ గానంతో తెల్లవారని వీధి తెలుగునాట అరుదైపోయింది. గ్రామఫోను పోయి క్యాసెట్టు వచ్చింది, క్యాసెట్టు పోయి చేతిఫోను వచ్చింది. చాలా ఇళ్లలో స్పీకరు పెట్టెలు మాత్రం నాటివే మిగిలాయి.

అల్లవరం వంటి తీరగ్రామాలలో వాటి స్థితి దయనీయం. ఓడలరేవు దిక్కునుంచి వచ్చే ఉప్పుగాలి, వర్షాకాలపు చెమ్మ కలిసి తీగల కొనలకు చిలుము పట్టిస్తాయి. ఊఫరు చుట్టూ ఉన్న ఫోమ్ అంచు పొడియై రాలుతుంది. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. పైకి పెట్టె మోగుతూనే ఉంటుంది కనుక ఇంటివారికి లోపం తెలియదు.

ఆ లోపం ఎక్కడ తగులుతుందో గమనించండి. పురుషకంఠపు మూలస్వరం సుమారు 100 నుంచి 150 హెర్ట్‌జ్ వద్ద ఉంటుంది. ఉదాత్త, అనుదాత్త, స్వరితాల ఎత్తుపల్లాలు ఊఫరులోనే పలుకుతాయి. ఊష్మాక్షరాల సంగతి అట్లా కాదు. తాలవ్యమైన ‘శ’, మూర్ధన్యమైన ‘ష’ల బలం రమారమి 2,500 హెర్ట్‌జ్ నుంచి పైకి వ్యాపిస్తుంది, దంత్యమైన ‘స’ 4,000 దాటిన తరువాతనే స్పష్టపడుతుంది. అది ట్వీటరు ఏలుబడి. ట్వీటరు నీరసిస్తే స్వరం నిలుస్తుంది, వర్ణం చెడుతుంది. శీక్షావల్లి వర్ణాన్నీ స్వరాన్నీ వేర్వేరుగా లెక్కించినది ఊరకే కాదు. ఆ పెట్టె వింటూ పారాయణ పట్టే పిల్లవాడి నోట మూడు సకారాలూ ఒక్కటైపోతాయి. చదువు గురుముఖతః సాగవలసిందే. అయినా ఇంట్లో రోజూ చెవిన పడేది పెట్టెలోని ధ్వనియే కదా!

పాత పెట్టెను పారవేయవలసిన పని లేదు. ప్లైవుడ్ పెట్టె గట్టిగా ఉన్నట్లయితే అది నేటి చౌక పెట్టెలకంటె మేలు. రంపపు పొట్టు అతికించిన పలకతో చేసినదై, చెమ్మకు ఉబ్బి ఉంటే మాత్రం దానిపై ధనవ్యయం వృథా.

కొత్త ఊఫరు కొనేముందు పెట్టెకున్న రంధ్రాన్ని కొలవండి. ఎనిమిది అంగుళాలని రాసినవన్నీ ఒకే రంధ్రంలో ఇమడవు. అంతకంటె ముఖ్యం, పెట్టె లోపలి ఘనపరిమాణం. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970 దశకంలోను ఊఫరుకూ పెట్టెకూ గల పొత్తును గణితంతో నిరూపించారు. ఆ అంకెలు ముద్రించిన ఊఫరునే అడగండి. పెట్టెకు నప్పని ఊఫరు డప్పువలె దుముదుమలాడుతుంది, లేదా బోలుగా పలుకుతుంది. పాతది 8 ఓములదైతే కొత్తదీ 8 ఓములదే కావాలి. 4 ఓములది తగిలిస్తే ఆంప్లిఫయరు వేడెక్కే ప్రమాదమున్నది. ఫోమ్ అంచు ఒక్కటే పోయి, కోను బాగుంటే అంచు మార్పించుకోవడం చాలు.

ఇక క్రాసోవరు. మంద్రధ్వనిని ఊఫరుకూ, తారధ్వనిని ట్వీటరుకూ పంచిపెట్టే ద్వారపాలకుడిది. అతి సరళమైన రూపంలో ట్వీటరుకు ముందు ఒక కెపాసిటరు, ఊఫరుకు ముందు ఒక తీగచుట్ట ఉంటాయి. 8 ఓముల స్పీకర్లను 3,000 హెర్ట్‌జ్ వద్ద విడదీయాలంటే 6.6 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 0.42 మిల్లీహెన్రీల చుట్ట కావాలి. ఎండిపోయే ఎలక్ట్రోలిటిక్ బదులు ఫిల్ము కెపాసిటరు వేయించండి. ఖరీదు కొంత ఎక్కువైనా మన గాలికి అదే నిలుస్తుంది. బజారులో దొరికే సిద్ధపు బోర్డు ఏ స్పీకరుకైనా సరిపోతుందన్న మాట నమ్మకండి. మీ ఊఫరు, ట్వీటర్లు ఏ హద్దువరకు పలుకుతాయో తెలిసిన తరువాతనే బోర్డు ఎంచుకోవాలి. కెపాసిటరు లేకుండా ట్వీటరును పరీక్షకైనా తగిలించరాదు, క్షణంలో కాలిపోతుంది.

విద్యుత్తు ఆపి, తీగలు టంకం వేయించిన తరువాత ధన, ఋణ ధ్రువాలు సరిచూడండి. టార్చిలైటు సెల్లు కొనలను ఊఫరు కొనలకు ఒక్క లిప్త తాకించండి. ధనానికి ధనం కలిస్తే కోను ముందుకు వస్తుంది. రెండు పెట్టెలలో ఒకదానికి తీగలు తారుమారైతే మంద్రధ్వని ఒకదానినొకటి హరించుకొని పలుచబడుతుంది. ట్వీటరు తీగలను మాత్రం బోర్డుతో వచ్చిన పటం చూపినట్లే కలపండి. కొన్ని క్రాసోవర్లలో అది కావాలనే తిరగవేసి ఉంటుంది.

అంతా అయిన పిమ్మట మీకు కంఠస్థమైన స్తోత్రాన్ని మెల్లని శబ్దంతో పెట్టి, ఎదురుగా కూర్చొని వినండి. ‘శేష’, ‘విష్ణు’, ‘సహస్ర’ వంటి మాటలు వచ్చినచోట చెవి ఒగ్గండి. మూడూ మూడు చోట్ల పుట్టినట్లు వినబడకపోతే ట్వీటరు తీగను మళ్లీ విప్పి చూడవలసిందే.