అరవైలో షటిల్ ఆట: మానేయాలా, మార్చుకోవాలా?



ఎముకల ఓపీలోను, గుండె జబ్బుల ఓపీలోను మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, నాకు అరవై దాటాయి. రోజూ పొద్దున్నే షటిల్ ఆడతాను. ఇక మానేయమంటారా?" అడిగేది తండ్రి గారైతే, వెనక నిలబడ్డ కొడుకో కోడలో "మానేయమని చెప్పండి" అన్నట్టు మాకు కళ్ళతో సైగ చేస్తుంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ పెద్దాయనకు ఆట ప్రాణం. పిల్లలకు నాన్న ప్రాణం. అందుకే ఈసారి ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాం.

ఆట వల్ల మేలెంత?

మున్సిపల్ గ్రౌండులో, కాలేజీ ఆవరణలో, కొన్నిచోట్ల చర్చి కాంపౌండులోనే సున్నంతో గీతలు గీసుకుని, తెల్లవారేసరికి షటిల్ ఆడే పెద్దలు మన ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆర్టీసీలో చేసినవారు, చిన్న వ్యాపారస్తులు అందరూ కలుస్తారు. ఆట ముగిశాక టీ బంకు దగ్గర అరగంట కబుర్లు. ఆ అరగంట కూడా మందే.

డెన్మార్క్ దేశంలోని కోపెన్‌హేగన్ నగరంలో 8,500 మందికి పైగా జనాన్ని 25 ఏళ్ళ వరకు గమనించిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. వ్యాయామం లేకుండా కూర్చునేవారితో పోలిస్తే షటిల్ ఆడేవారు సుమారు 6 ఏళ్ళు ఎక్కువ బతికారు. జాగింగ్ చేసేవారిలో ఈ తేడా సుమారు 3 ఏళ్ళే. టెన్నిస్ వారిలో 9 ఏళ్ళు దాటింది. ఆట ఒక్కటే ఆయుష్షు పెంచిందని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం. ఆడేవారికి మొదటినుంచీ ఆరోగ్యం, డబ్బు ఎక్కువ ఉండి ఉండవచ్చు. అయినా నలుగురితో కలిసి ఆడే ఆటలే ముందు వరుసలో ఉండడం గమనించదగ్గ సంగతి. భార్య పోయాకనో, పిల్లలు అమెరికా వెళ్ళాకనో ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవారికి "రేపు పొద్దున రండి మాస్టారూ" అనే పిలుపు ఎంత విలువైనదో మేము వార్డులో చూస్తూనే ఉంటాం.

కాబట్టి "వయసైంది, మానేయండి" అని మేము తేలిగ్గా అనము. అయితే నలభైలో ఆడినట్టు అరవై అయిదులో ఆడతానంటే ఒళ్ళు ఒప్పుకోదు. ఎందుకో తెలుసుకుంటే జాగ్రత్త దానంతటదే వస్తుంది.

ఒంట్లో ఏం మారుతుంది?

ముప్పై దాటాక పదేళ్ళకోసారి మన కండ నూటికి 3 నుంచి 8 వంతుల దాకా తగ్గుతూ వస్తుంది. అరవై తర్వాత ఇంకా త్వరగా తరుగుతుంది. గుండె కొట్టుకోగలిగిన గరిష్ఠ వేగమూ తగ్గుతుంది. 220 లోంచి వయసు తీసివేస్తే వచ్చేది ఉజ్జాయింపు లెక్క. 40 ఏళ్ళ మనిషికి నిమిషానికి 180, 70 ఏళ్ళ మనిషికి 150. దాహం తెలియడం కూడా మందగిస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా నాలుక ఆ సంగతి చెప్పదు. కీళ్ళ మధ్య ఉండే మృదువైన పొర అరుగుతుంది. మడమ పైన తాడులా చేతికి తగిలే స్నాయువు, మనవాళ్ళు నరం అంటారు, సాగే గుణం కోల్పోయి బిరుసెక్కుతుంది.

షటిల్ చూడడానికి తేలికైన ఆట. బంతి బరువు 5 గ్రాములకు అటూ ఇటూ. కానీ ఆడే మనిషి నిమిషంలో ఎన్నోసార్లు ఆగాలి, పరుగెత్తాలి, వంగాలి, వెనక్కి అడుగు వేయాలి, ఎగరాలి. నడకకూ దీనికీ ఉన్న తేడా ఇదే. నడకలో గుండె మెల్లగా వేడెక్కుతుంది. షటిల్‌లో ఒక్క ఉదుటున దౌడు తీస్తుంది.

మేము ఎక్కువగా చూసే నాలుగు ప్రమాదాలు

మొదటిది గుండె. ఛాతీలో బరువుగా, పట్టేసినట్టు ఉండడం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, చల్లటి చెమట, ఎన్నడూ లేని ఆయాసం, కళ్ళు తిరగడం గుండె ఇచ్చే హెచ్చరికలు. షుగర్ ఉన్నవారికి, ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు. చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని ఒక సోడా తాగి, మరో గేమ్ ఆడతారు. దయచేసి అలా చేయకండి. ఆడుతుండగా వచ్చి, కూర్చుంటే తగ్గే ఛాతీ బరువును అసలే నిర్లక్ష్యం చేయకూడదు. తగ్గిపోయింది కదా అని ఇంటికి వెళ్ళకుండా, ఆ రోజే ఆసుపత్రికి రండి.

రెండోది మడమ నరం తెగడం. ముందున్న బంతి కోసం ఒక్కసారిగా దూకినప్పుడు "వెనకనుంచి ఎవరో రాయితో కొట్టారు" అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ కాలి మునివేళ్ళ మీద లేచి నిలబడలేరు. దీన్ని బెణుకనుకుని నూనె రుద్దించి, నాటు కట్టు కట్టించి మూడు వారాల తర్వాత వచ్చేవారు ఉన్నారు. అప్పటికి తెగిన కొసలు దూరం జరిగి, వైద్యం కష్టమవుతుంది. మొదటి రోజే వస్తే కొందరికి ఆపరేషన్ లేకుండా కట్టుతోనే నయం చేయవచ్చు.

మూడోది పడిపోవడం. తలపైకి వచ్చిన బంతిని చూస్తూ వెనక్కి అడుగులు వేసేటప్పుడే ఎక్కువమంది పడతారు. చెయ్యి ఆనిస్తే మణికట్టు, పక్కకు పడితే తుంటి ఎముక. నెలసరి ఆగిన తర్వాత ఆడవారి ఎముకలు గుల్లబారతాయి కాబట్టి వారికి ఇది మరీ ముఖ్యం. దూరానికీ దగ్గరికీ కలిపిన కళ్ళద్దాలు పెట్టుకుని ఆడితే కిందకు చూసినప్పుడు నేల మసగ్గా కనబడి కాలు తడబడుతుంది. ఆటకు దూరం చూపు అద్దాలు విడిగా చేయించుకోవడం మంచిది.

నాలుగోది కన్ను. మన అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగమని 2023లో గిన్నిస్ రికార్డు ఇచ్చారు. మన గ్రౌండులో అంత వేగం ఉండదు గానీ, కంటికి దెబ్బ తగలడానికి అంత అక్కర్లేదు. బంతి కొస కంటిగుంటలో సరిగ్గా ఇమిడేంత ఉంటుంది. డబుల్స్‌లో నెట్ దగ్గర ఉన్నవారు బంతి ఏమైందోనని వెనక్కి తిరిగి చూడకూడదు. శుక్లాల ఆపరేషన్ అయినవారు పగలని ప్లాస్టిక్ రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిన్నవారు కంటి డాక్టరు గారి అనుమతి లేకుండా ఎగిరే, దూకే ఆట ఆడవద్దు.

మీరు వాడే మాత్రలూ, మీ ఆటా

ఈ భాగం కత్తిరించి మందుల డబ్బాలో పెట్టుకోమని మనవి.

1. ఎటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీపీ, గుండె మాత్రలు వాడేవారికి ఎంత ఆడినా నాడి అంతగా పెరగదు. కాబట్టి పైన చెప్పిన 220 లెక్క వీరికి పనికిరాదు. ఆడుతూ రెండు మాటలు మాట్లాడగలిగితే సరైన వేగం. మాట తెగిపోతుంటే ఎక్కువైనట్టు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడ, వణుకు కూడా ఈ మాత్రల వల్ల తెలియకపోవచ్చు.

2. నీరు పోయే మాత్రలు వాడేవారు ఎండాకాలం తొందరగా నీరసపడతారు. వారికి కాలి పిక్కలు పట్టేస్తాయి. గుండె, కిడ్నీ జబ్బుతో నీరు కొలత ప్రకారం తాగాల్సినవారు ఎంత తాగాలో డాక్టరు గారిని అడగండి. మిగిలినవారు దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో గుక్కెడు తాగాలి.

3. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపుతో ఆడకూడదు. ఆటకు ముందు షుగర్ 100 కంటే తక్కువుంటే రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో తిని మొదలుపెట్టండి. 250 దాటి ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజు ఆట వద్దు. పొద్దుటి ఇన్సులిన్ తొడకు, చేతికి కాకుండా పొట్టకు వేసుకోండి. పనిచేస్తున్న కండలోంచి మందు త్వరగా ఎక్కి షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి.

4. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు పడి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా వెంటనే చూపించుకోవాలి.

5. విరేచనాలకూ, మూత్రంలో మంటకూ చాలామంది మందుల షాపులో అడిగి కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ మాత్రలు మడమ నరాన్ని బలహీనపరచగలవు. అరవై దాటినవారికి, ఆయాసానికి స్టెరాయిడ్ వాడేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. అవి వాడుతున్నప్పుడు ఆట ఆపండి. మడమ నొప్పి వస్తే మాత్ర రాసిన డాక్టరు గారికి చెప్పండి.

ఆట తీరు మార్చుకోండి

ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ రాకెట్ పట్టేవారు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టరు గారికి చూపించుకోవాలి. అవసరమైతే ఈసీజీ, టీఎంటీ చేస్తారు. స్టెంటు వేయించుకున్నవారు ముందు నడక, తర్వాత వేగంగా నడక, డాక్టరు గారు సరేనన్నాకే ఆట. ఛాతీ నొప్పికి నాలుక కింద మాత్ర ఇచ్చి ఉంటే అది ఇంట్లో కాదు, కిట్ బ్యాగులో ఉండాలి.

గ్రౌండుకు రాగానే కోర్టులోకి దిగవద్దు. పది నిమిషాలు నడవండి. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు ఆనేలా పిక్కలు సాగదీయండి, ఒక్కో కాలికి 30 సెకన్లు. భుజాలు మెల్లగా తిప్పండి. చలికాలం ఇంకొక అయిదు నిమిషాలు కలపండి. ఆట అయ్యాక కూడా ఒక్కసారిగా కూలబడకుండా అయిదు నిమిషాలు నడవాలి.

సింగిల్స్ మానేసి డబుల్స్ ఆడండి. కోర్టు సగం మీది, సగం మీ జోడీది. వెనక్కి పోయే బంతిని జోడీకి వదిలేయండి. ఒక పాయింటు పోతుంది, తుంటి ఎముక మిగులుతుంది. ఎగిరి స్మాష్ కొట్టే బదులు నెట్ దగ్గర బంతి జారవిడిచే నేర్పు వయసుతోపాటు పెరుగుతుంది. వరుసగా రెండు గేములయ్యాక ఒక గేమ్ కూర్చోండి. సిమెంటు గచ్చు మీద మోకాళ్ళకు దెబ్బ ఎక్కువ. మట్టి, చెక్క, సింథటిక్ కోర్టులు నయం. వాకింగ్ బూట్లు కాకుండా పక్కకు జారని షటిల్ బూట్లు కొనుక్కోండి. షుగర్ ఉన్నవారు ఇంటికి రాగానే పాదాల అడుగున బొబ్బలున్నాయేమో చూసుకోవాలి.

వారానికి మూడు రోజులైనా ఇంట్లో ఈ మూడూ చేయండి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద పదిహేనుసార్లు లేవడం, పక్కన ఆసరా ఉంచుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడడం. మోకాళ్ళ నొప్పులున్నవారు మా ఫిజియోథెరపీ విభాగంలో అడిగి నేర్చుకోవచ్చు.

జ్వరం, జలుబు, విరేచనాలు, సరిగ్గా నిద్ర లేని రాత్రి తర్వాత ఆట వద్దు. అది ఓటమి కాదు.

కోర్టులో ఎవరైనా కూలిపోతే

పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు వెంటనే రొమ్ము మధ్య ఎముక మీద రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. నోట్లో నీళ్ళు పోయకండి. సోడా, ఉల్లిపాయ, తాళాల గుత్తి కోసం పరుగెత్తి సమయం పోగొట్టకండి. ప్రతి షటిల్ బృందంలో కనీసం ఇద్దరు ఈ పద్ధతి నేర్చుకుని ఉండాలి. బృందమంతా ఒకరి ఇంటి ఫోను నంబరు ఒకరి దగ్గర రాసి పెట్టుకోండి. ఎవరు ఏ మందు వాడుతున్నారో కూడా తెలిసి ఉండాలి.

ఇంట్లోవారికి ఒక మాట

నాన్న గారి రాకెట్ దాచిపెట్టకండి. అలా దాచిన ఇళ్ళలో ఆయన చెప్పకుండా వెళ్ళి, పొరుగువారి రాకెట్‌తో ఆడతారు. నొప్పి వస్తే కూడా చెప్పరు. అదే అసలు ప్రమాదం. దానికి బదులు మంచి బూట్లు కొనివ్వండి, పరీక్షలకు వెంట తీసుకురండి. అమ్మ గారిని కూడా ఆటకో నడకకో పంపండి. ఇంటి చాకిరీ వ్యాయామమే కదా అని ఆమెను వదిలేయడం మన ఇళ్ళలో అలవాటైపోయింది. ఎముకల బలం ఆమెకే ఎక్కువ అవసరం.

పెద్దలకు కూడా ఒక మాట. యెహోషువ గ్రంథం 14వ అధ్యాయంలో కాలేబు 85 ఏళ్ళ వయసులో తన బలం ఏమీ తగ్గలేదంటూ కొండసీమను అడిగి తీసుకున్నాడు. అంతటి బలం అందరికీ ఇవ్వబడలేదు. ఎవరికి ఎంత ఇవ్వబడిందో తెలుసుకుని, దాన్ని జాగ్రత్తగా వాడుకోవడం మన వంతు. ఒకరోజు మోకాలో గుండో ఇక చాలు అంటే రాకెట్ పక్కన పెట్టి, అంపైరు కుర్చీలో కూర్చుని లెక్క చెప్పండి. టీ బంకు దగ్గర మీ చోటు మాత్రం వదులుకోకండి.

దేవుడు మీకు ఆరోగ్యాన్ని, మంచి జోడీని దయచేయును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున