ఋణచరిత్ర లేని గుణవంతుడు

మొన్నటి సాయంకాలము నా పూర్వవిద్యార్థి యొకడు వచ్చి, "మాస్టారూ, మోటారుసైకిలు కొనడానికి బ్యాంకులో అప్పడిగాను. ఇదివరకెన్నడూ అప్పు చేయలేదు గనుక ఇయ్యలేమన్నారు" అని వాపోయెను. అప్పు చేయకుండుటయే గౌరవమని వానికి బోధించినవాడను నేనే!

2000లో స్థాపింపబడిన సిబిల్ వంటి సంస్థలు ఋణగ్రహీతల నడవడిని 300 మొదలు 900 వఱకు గల అంకెలతో కొలుచుచున్నవి. అప్పెఱుగనివానికి అంకెయే లేదు. చరిత్ర లేదను నెపమొక్కటే చూపి తొలి దరఖాస్తును త్రోసిపుచ్చరాదని రిజర్వుబ్యాంకు సూచించినట్లు 2025లో కేంద్రప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది.

బండ్ల దుకాణమున కూర్చుండిన ఫైనాన్సు గుమాస్తా మాత్రము వడ్డీ ఏడాదికి నూటికి పదియే యనెనట. 60,000 రూపాయలకు మూడేండ్ల వడ్డీ 18,000, నెలవాయిదా 2,167. నెలనెలా అసలు తఱుగుచున్నను వడ్డీని మొదటి మొత్తముమీదనే లెక్కించుటచే, నిజముగా పడునది నూటికి సుమారు పదునెనిమిది! విద్యార్థులారా, ఈ లెక్క మీరే చేసి చూడుడు.

తఱిగిన అసలుపైననే వడ్డీ లెక్కించు బ్యాంకునకే మరల పొమ్మంటిని. సగము సొమ్ము కూడబెట్టి ముందే చెల్లింపుమంటిని. హామీపత్రముపై నేను సంతకము చేసితిని. వాడు తప్పినచో ఆ అప్పు నాదే. తప్పకున్నచో, మూడేండ్లకు బండితోపాటు వానికొక చరిత్రయు మిగులును.